బాప్తిస్మానికి ముందు అమ్మమ్మ దిద్దులు తీసేయాలా? వాక్యం ఏమంటుందో చెప్పండి

తెనాలి_చెల్లి (చర్చ ప్రారంభించినవారు)
శనివారం, రాత్రి 10:40

అందరికీ వందనాలు. ఈ వేదికలో చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మాది లూథరన్ కుటుంబం, తెనాలి దగ్గర పల్లె. నాకు పెళ్ళి కుదిరింది, ప్రధానం వచ్చే నెలలో. అబ్బాయి వాళ్ళది పెంతెకొస్తు సంఘం. అబ్బాయి నెమ్మదస్తుడు, నాకు నచ్చాడు. పెళ్ళికి ముందే ముంపు బాప్తిస్మం తీసుకోవాలన్నారు. మా నాన్న కొంచెం బాధపడ్డారు కానీ నేను మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాను. మొన్న ఆదివారం వాళ్ళ పాస్టరు గారు ఇంటికి వచ్చి, నీళ్ళలోకి దిగేముందు ఒంటి మీద నగలన్నీ తీసేయాలి, మళ్ళీ పెట్టుకోకూడదు, పెళ్ళిలో పుస్తెలు కూడా ఉండవు అని చెప్పారు. 1 పేతురు 3:3 తీసి నాతోనే చదివించారు.

నాకు బంగారం మీద మోజు లేదు. గొలుసు, ఉంగరం ఈ రోజే తీసేయమన్నా తీసేస్తాను. ఎటొచ్చీ దిద్దుల దగ్గరే ఆగిపోయాను. అవి మా అమ్మమ్మవి. పొగాకు గ్రేడింగుకి వెళ్ళి, కూలి డబ్బులు ఏళ్ళ తరబడి కూడబెట్టి చేయించుకుంది. నేను పదో తరగతి పాసైన రోజు తన చెవులకున్నవి తీసి నాకు పెట్టింది. ఆ తర్వాత ఆమె చెవులకు వేపపుల్లలే. ఈ సంగతి ఆమెకి ఇంకా చెప్పలేదు.

ఆ రాత్రి ఆదికాండము 24 చదివాను. అబ్రాహాము దాసుడు రిబ్కాకు ముక్కుకమ్మి, కడియాలు ఇచ్చి, ఆ వెంటనే సాగిలపడి దేవునికి మొక్కాడు. అక్కడ లేని తప్పు పేతురు పత్రికలో ఎలా వచ్చింది? ఎవరినీ తప్పుపట్టాలని అడగడం లేదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

కృపలో_అమ్మ
శనివారం, రాత్రి 11:25

వందనాలు తల్లీ. నీ వయసు కూతుళ్ళున్న దాన్ని, అందుకని చనువుగా రాస్తున్నాను.

నేను నగలు తీసేసి ముప్ఫై ఏళ్ళు దాటింది. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. మేము ఊళ్ళో కాస్త ఉన్నవాళ్ళమే. పెళ్ళికి నాకు పెట్టింది ఇరవై కాసులు. ఏ పేరంటానికి వెళ్ళినా నా కళ్ళు పక్కావిడ మెడ మీదే ఉండేవి. ఆవిడది ఎన్ని పేటలు, నాది ఎన్ని పేటలు. గుడిలో కూర్చున్నా అంతే. ఒక ఉపవాస ప్రార్థనలో ప్రభువు నా మనసుతో మాట్లాడాడు. ఇంటికి వచ్చి అన్నీ తీసి బీరువాలో పెట్టాను. మొదటి వారం చేతులు బోసిగా ఉన్నాయని ఏడ్చాను. ఆ తర్వాత ఒక తేలిక వచ్చింది చూడు, ఇవాళ్టికీ అది పోలేదు.

పేతురు గారు రాసింది స్పష్టంగానే ఉంది కదమ్మా. "జడలు అల్లుకొనుటయు, బంగారునగలు పెట్టుకొనుటయు, వస్త్రములు ధరించుకొనుటయునను వెలుపటి అలంకారము మీకు అలంకారముగా ఉండక" అన్నాడు. 1 తిమోతి 2:9లో పౌలు గారు కూడా అదే చెప్పారు. ఇద్దరు అపొస్తలులు చెప్పాక ఇంకా వెతకడం దేనికి? అమ్మమ్మ ప్రేమ దిద్దుల్లో లేదు, నీలో ఉంది. దేవుడు అడిగినప్పుడు ఇచ్చేయడంలోనే సంతోషం ఉంది తల్లీ.

వాక్యధ్యాని
ఆదివారం, మధ్యాహ్నం 2:10

ఆరాధన నుంచి వచ్చి చదివాను. కొంచెం పొడుగ్గా రాస్తాను సిస్టర్, ఓపిగ్గా చదవండి. వేదాంత కళాశాలలో నాలుగేళ్ళు ఈ వాక్యాలతోనే కుస్తీ పట్టినవాణ్ణి.

ముందు రిబ్కా సంగతి. ముక్కుకమ్మి అర తులం, కడియాలు పది తులాలు అని మన తెలుగు బైబిల్లో ఉంటుంది. మూలంలోని తూకం షెకెలు లెక్కది. షెకెలు 11 గ్రాములకు కొంచెం పైన, మన పాత తులం 11.66 గ్రాములు. అంటే ఆ రోజుల్లో తెలుగు చేసినవాళ్ళు ఎంచుకున్న మాట తూకానికి కూడా దాదాపు సరిపోయింది. ముక్కుకమ్మి ఐదారు గ్రాములు, కడియాలు రెండూ కలిపి 110 గ్రాములకు పైమాటే. బావి దగ్గర ఒంటెలకు నీళ్ళు తోడిన పిల్లకు అంత బంగారం పెట్టారు. ఆ అధ్యాయంలో దాని గురించి ఒక్క మందలింపు మాట కూడా లేదు.

ఇక పేతురు. కృపలో_అమ్మ గారు వాక్యం మొత్తం రాశారు, అది మంచిదైంది. చాలామంది "బంగారునగలు" దగ్గర ఆపేస్తారు. ఆ వరుసలో మూడు పనులున్నాయి: జడ అల్లుకోవడం, బంగారం పెట్టుకోవడం, వస్త్రాలు ధరించడం. గ్రీకులో మూడోదానికి "ఖరీదైన" అనే మాట లేదు, ఊరికే వస్త్రాలు ధరించుకోవడం అనే ఉంది. ఈ వాక్యం నిషేధమే అయితే మూడింటికీ నిషేధమే కావాలి. జడలు అల్లుకుంటూ, చీరలు కట్టుకుంటూ, నడిమి మాటను మాత్రం చట్టం చేయడం కుదరదు. పేతురు మాట్లాడుతున్నది మీ అందం ఎక్కడి నుంచి రావాలి అన్నదాని గురించి. అలంకారం అని అనువదించిన ఆ గ్రీకు మాట "కోస్మోస్". లోకం అనే అర్థంలో కొత్త నిబంధన అంతటా వచ్చేదీ ఈ మాటే. అమరిక, సొగసు, లోకం అన్నీ అందులోనే ఉన్నాయి. నీ అమరిక బయటిది కాకుండా లోపలిదై ఉండాలి అన్నాడు.

మరొకటి. ఆరో వచనంలో పేతురు శారాను మాదిరిగా చూపించాడు. రిబ్కాకు పెట్టిన బంగారం ఏ ఇంటిది? శారా కాపురం చేసిన అబ్రాహాము ఇంటిది. ఆ ఇంట్లో నగ అంటరానిదని పేతురు అనుకుని ఉంటాడా?

తిమోతి పత్రికకు వేరే నేపథ్యం ఉంది. అది ఎఫెసులో ఉన్న తిమోతికి రాసింది, ఎఫెసు డబ్బున్న పట్నం. "జడలతోనైనను బంగారముతోనైనను ముత్యములతోనైనను మిగుల వెలగల వస్త్రములతోనైనను" అంటాడు పౌలు. ఆ కాలపు రోమా ధనిక స్త్రీలు తలను గోపురంలా కట్టి అందులో బంగారం, ముత్యాలు గుచ్చేవారు. ప్లీనీ అనే రోమా రచయిత తాను కళ్ళారా చూసిన లొల్లియా పౌలీనా గురించి రాశాడు. ఆమె ఒక మామూలు నిశ్చితార్థం విందుకు తల, మెడ, చెవులు, వేళ్ళ నిండా పచ్చలు, ముత్యాలు దిగేసుకుని వచ్చిందట. వాటి వెల 4 కోట్ల సెస్టర్సులు. అలాంటి మనిషి పక్కన ఒక దాసి కూర్చుని రొట్టె విరవాలి. పౌలు మాట ఆ బల్ల దగ్గర విని చూడండి, బరువు తెలుస్తుంది. కూలి చేసి సంపాదించిన ఒక జత దిద్దుల మీదికి ఆ మాటను విసరడం నాకు న్యాయంగా అనిపించదు.

కావలి_గోపురం
ఆదివారం, సాయంత్రం 5:35

వాక్యధ్యాని బ్రదర్, మీ చదువుకు వందనాలు. కానీ గ్రీకు తెలియని మా తల్లులు తెలుగులో చదివి అర్థం చేసుకుని విధేయులయ్యారు. వాళ్ళు పొరపడ్డారంటారా?

పాత నిబంధనే చూద్దాం. ఆదికాండము 35లో యాకోబు బేతేలుకు వెళ్ళేముందు ఇంటివారు అన్యదేవతల విగ్రహాలతోపాటు చెవిపోగులు కూడా తీసి ఇచ్చారు. వాటిని షెకెము దగ్గర చెట్టుకింద పాతిపెట్టాడు. నిర్గమకాండము 32లో దూడ దేనితో చేశారు? చెవిపోగులతో. 33లో దేవుడే "మీ ఆభరణాలు తీసేయండి" అన్నాడు, హోరేబు కొండ దగ్గర మొదలుపెట్టి వాళ్ళు తీసేశారు. న్యాయాధిపతులు 8లో గిద్యోను అడిగిన పోగుల బంగారం 1,700 తులాలు. దానితో చేసిన ఏఫోదు (యాజకుల పైవస్త్రం) ఇశ్రాయేలుకు ఉరి అయింది. యెజెబెలు కళ్ళకు రంగు పూసుకుని తల అలంకరించుకుని కిటికీలో నిలబడింది. యెషయా 3లో దేవుడు సీయోను కుమార్తెల నగలు ఒక్కొక్కటి పేరుపెట్టి మరీ తీసేస్తానన్నాడు. ప్రకటన 17లో వేశ్య బంగారంతో, రత్నాలతో, ముత్యాలతో ఉంది. ఇన్ని చోట్ల ఒకే మాట వినిపిస్తుంటే మనం ఎందుకు వినకూడదు?

చెల్లీ, దేవుని సన్నిధికి వెళ్తున్నావు. పాతవి అక్కడ చెట్టుకింద వదిలేసి వెళ్ళు.

వాక్యధ్యాని
ఆదివారం, రాత్రి 8:50

బ్రదర్, మీరు చెప్పినవన్నీ వాక్యంలో ఉన్నవే, ఒక్కటీ కాదనను. పక్క పేజీ కూడా తిప్పుదామనే నా మనవి.

నిర్గమకాండము 32లో చెవిపోగులు దూడ అయ్యాయి. 33లో జనం దుఃఖంతో నగలు తీసేశారు. 35:22 చూడండి. స్త్రీలూ పురుషులూ ఇష్టపూర్వకంగా ముక్కరలు, పోగులు, ఉంగరాలు, బంగారు వస్తువులు దేవుని గుడారం కోసం తెచ్చారు. 38:8లో స్త్రీలు తమ అద్దాలు ఇస్తే వాటి ఇత్తడితో గంగాళం చేశారు, యాజకులు చేతులు కడుక్కోవడానికి. ఐగుప్తునుంచి బయల్దేరేటప్పుడు ఈ వెండి బంగారాలు అడిగి తీసుకోమన్నది కూడా దేవుడే. దాస్యంలో కూలి లేకుండా చేసిన జనానికి దక్కిన కూలి అది. అదే లోహం దూడ అయింది, అదే జనం మధ్య దేవుని గుడారమూ అయింది.

గిద్యోను సంగతి కూడా అంతే. ఆ 1,700 తులాలు, అంటే 19 కిలోల పైన, ఓడిపోయిన శత్రువుల చెవుల నుంచి వచ్చిన కొల్లసొమ్ము. ఉరి అయింది ఏఫోదు.

యెజెబెలు కళ్ళకు పూసుకున్నదాన్ని హెబ్రీలో "పూఖ్" అంటారు, అంజనం. యోబు శ్రమలన్నీ తీరాక పుట్టిన మూడో కూతురి పేరు కెరెంహప్పుకు. అంటే కాటుక కొమ్ము, కాటుక భరిణె అనుకోండి. అదే మాట. దేశంలో వాళ్ళంత అందగత్తెలు లేరని రాసి ఉంది. యెషయా 54:11లో దేవుడు బాధపడిన సీయోనుతో, నీ రాళ్ళను అదే అంజనంలో పొదుగుతానన్నాడు. మన తెలుగులో "నీలాంజనములు" అని పడింది. యెజెబెలు పూసుకుందని ఆ రంగును దేవుడు వదిలేయలేదు.

ప్రకటన 17 తర్వాత 21 ఉంది. అక్కడ పెండ్లికుమార్తె తన భర్తకోసం అలంకరించుకుని దిగివస్తుంది, పునాదులు రత్నాలు, గుమ్మాలు ముత్యాలు. యెహెజ్కేలు 16లో అయితే దేవుడే తన చేత్తో యెరూషలేముకు కడియాలు, హారం, ముక్కుకమ్మి, చెవిపోగులు, తలకు కిరీటం పెట్టాడు. ఆ అధ్యాయం చదివిన ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. పుట్టినరోజునే పొలంలో పారేసిన పసిపిల్ల ఆమె. నగలు పెట్టడం దయ. తర్వాత ఆమె వాటినే కరిగించి విగ్రహాలు చేసుకుంది, అది ద్రోహం.

గోదారిగట్టు_టీచర్
సోమవారం, ఉదయం 6:15

మాది సి.ఎస్.ఐ. సంఘం. నేను రోజూ రెండు జతల బంగారు గాజులు వేసుకునే బడికి వెళ్తాను. కాబట్టి నన్ను నేను సమర్థించుకుంటున్నానని అనుకోకండి. యెషయా 3 నన్నే గుచ్చుతుంది.

కావలి_గోపురం బ్రదర్ 16వ వచనం నుంచి మొదలుపెట్టారు. 14, 15 చదవండి. దేవుడు పెద్దల మీద, అధిపతుల మీద వ్యాజ్యం వేస్తాడు. బీదల దగ్గర దోచిన సొమ్ము మీ ఇళ్ళలో ఉంది, వాళ్ళ ముఖాలు నూరుతున్నారు అంటాడు. ఆ వెంటనే ఆ ఇళ్ళ ఆడవాళ్ళ నగలు వరుసపెట్టి చదువుతాడు, అందెల నుంచి ముసుగుల దాకా 21 వస్తువులు. ఆ జాబితా దోచుకున్న సొమ్ముకు చదివిన పంచనామా. యాకోబు పత్రిక 2వ అధ్యాయం కూడా అదే. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడు వస్తే ముందు కుర్చీ, మురికి బట్టలవాడు వస్తే నేల. ఉంగరం తీసెయ్యమని యాకోబు రాయలేదు, కుర్చీ ఇచ్చిన మనల్ని తిట్టాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. మా చిన్నాన్న కూతుర్ని నగలు లేని సంఘంలోనే ఇచ్చారు. పెళ్ళిపందిట్లో పిల్ల మెడ బోసి, తెల్లచీర, ఎంత సాదాగా ఉందో అనుకున్నాం. పెళ్ళికి ముందు రోజు రాత్రి నగలకు బదులు అంటూ డబ్బు లెక్కపెట్టి తీసుకున్నారు. కాసుకి ఇంత అని రేటు కట్టి మరీ. చిన్నాన్న అర ఎకరం అమ్మాడు. బయటి అలంకారం వద్దన్న పేతురు మాటకు ఆ రాత్రి ఏం మర్యాద దక్కింది? తెనాలి చెల్లీ, నీ దిద్దుల గురించి అడగడంతోపాటు ఆ ఇంట్లో దీని గురించి కూడా అడుగు. ఏ సంఘమైనా సరే, మాదైనా సరే.

కొత్తకాపురం
సోమవారం, ఉదయం 9:30

మగవాళ్ళ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. యాకోబు 2లో ఉంగరం మగవాడిది. నిర్గమకాండము 35లో పురుషులూ నగలు తెచ్చారు. సౌలు, యోనాతాను చనిపోతే దావీదు పాడిన పాటలో, ఆడవాళ్ళకు బంగారు నగలు పెట్టించినవాడు సౌలే అని మెచ్చుకున్నాడు. మా సంఘంలో నా భార్య పుస్తెలు తీసేసింది. నేను అదే వారం ఖరీదైన వాచీ కట్టుకుని బల్లారాధనకు వెళ్తే ఎవరూ ఏమీ అనలేదు. ఆ రోజు ఇంటికి వచ్చి ఆమె ముఖం చూడలేకపోయాను. వాచీ అమ్మేశాను. ఆమె మాత్రం పుస్తెలు మళ్ళీ అడగలేదు.

పల్లె_దీపం
సోమవారం, రాత్రి 9:05

నాలుగు రోజులు ఆగి రాద్దామనుకున్నాను, ఆగలేకపోయాను.

పొగాకు గ్రేడింగు కూలితో చేయించుకున్న దిద్దులు అన్న మాట దగ్గర నేను చదవడం ఆపి మా నాయనమ్మను తలుచుకున్నాను. ఆమె చెప్పేది, బంగారం పెట్టుకుని పెద్దవీధిలో నడిస్తే ఎవరిది కొట్టేశావే అని అడిగేవారట. అందుకని పెద్దవీధి వచ్చేసరికి కొంగు చెవుల మీదికి లాక్కునేది. పల్లె గుడిలో మాత్రం కొంగు తీసేసి కూర్చునేది. ఆదివారం ఆ గంటన్నర ఆమె చెవులు వెలుతురు చూసేవి.

కాబట్టి మా ఆడవాళ్ళ ఒంటి మీద నగ ఉండటమూ తీసేయడమూ ఊరికే జరిగే సంగతులు కావు. తిరువాన్కూరులో (ఇప్పటి దక్షిణ కేరళ, దాని పక్క ప్రాంతం) నాడార్ కులపు క్రైస్తవ స్త్రీలు పైబట్ట కప్పుకున్నందుకు దెబ్బలు తిన్నారు. 1859లో గానీ ఏ మతంలో ఉన్న నాడార్ స్త్రీకైనా ఒంటి పైభాగం కప్పుకునే అనుమతి రాలేదు, అదీ షరతులతో. "వస్త్రములు ధరించుకొనుట" అన్న పేతురు మాటను ఆ తల్లుల ముందు ఎలా చదువుతాం? వాళ్ళకు అది బడాయి కాదు, మనిషినని చెప్పుకోవడం.

మళ్ళీ అదే కేరళలో దీనికి పూర్తిగా ఎదురు సంగతి కూడా ఉంది. పులయ అనే దళిత కులపు స్త్రీలు మెడలో రాళ్ళ పూసల దండలు వేసుకుని తీరాలని కట్టడి. అది నగ కాదు, కులం గుర్తు. 1915లో కొల్లంలో దళిత నాయకుడు అయ్యంకాళి పెట్టిన సభలో వాళ్ళు ఆ దండలు తెంచి కుప్పపోశారు. అక్కడ తీసేయడమే స్వేచ్ఛ.

అందుకే నేను అడిగేది ఒక్కటే. తీయమని ఎవరు అంటున్నారు, ఎవరి చెయ్యి తీస్తోంది? హోరేబు దగ్గర జనం తమ చేతులతో తీసుకున్నారు. గుడారానికి హృదయం ప్రేరేపించినవారే తెచ్చారు. కృపలో_అమ్మ గారూ, మీరు మీ బీరువాలో పెట్టారు, అది మీ చెయ్యి, మీకు దండం పెడతాను. ఇక్కడ ఈ పిల్ల చెవుల నుంచి తీస్తున్నది ఆమె చెయ్యి కాదు.

బెంగుళూరు_కోడలు
మంగళవారం, మధ్యాహ్నం 1:20

పుస్తెల మాట వచ్చింది కనుక చిన్న సంగతి. మాది ఒంగోలు, అత్తవారు కేరళ సిరియన్ క్రైస్తవులు. వాళ్ళ పెళ్ళిలో "మిన్ను" కడతారు. ఆకు ఆకారంలో చిన్న బంగారు బిళ్ళ, మధ్యలో చిన్న పూసలతో సిలువ. పెళ్ళికొడుకు ఇచ్చే మంత్రకోడి చీరలోంచి లాగిన పోగులతో తాడు పేని దాన్ని కడతారు. నేను పుట్టి పెరిగిన సంఘంలో పుస్తెలు లేవు. మొదట మెడలో పడినప్పుడు అపరాధంలా అనిపించింది. ఇప్పుడు ప్రార్థనలో చెయ్యి దానంతట అదే ఆ సిలువ మీదికి వెళ్తుంది. రెండిళ్ళలోనూ దేవుణ్ణి ప్రేమించేవాళ్ళనే చూశాను.

కృపలో_అమ్మ
మంగళవారం, రాత్రి 10:15

అందరి మాటలూ రెండుసార్లు చదివాను. పల్లె_దీపం అడిగిన ప్రశ్న రోజంతా నాతోనే ఉంది. నేను మొదటి రోజు తొందరపడి రాశాను తల్లీ. నా బీరువా తాళం నా చేతిలో ఉండేది, నీ సంగతి వేరని ఆలోచించలేదు. క్షమించు.

అయినా ఒక్క విషయం మీరెవరూ రాయలేదు, అది నేనే చెప్పాలి. మా ఆయన పోయి పదకొండేళ్ళు. మా అక్క హిందువుల ఇంట కోడలు, ఆమె భర్త పోయినప్పుడు పదోరోజున గాజులు పగలగొట్టారు, పుస్తెలు తెంచారు, బొట్టు చెరిపేశారు. ఆ రోజు అక్క అరుపు నాకు ఇంకా వినిపిస్తుంది. తర్వాత శుభకార్యాల్లో ఆమె ఎప్పుడూ వెనక గదిలోనే. మా ఆయన పోయినప్పుడు నా ఒంటి మీద నుంచి తీయడానికి ఎవరికీ ఏమీ లేదు. ముందు ఆదివారం ఎలా కూర్చున్నానో, తర్వాతి ఆదివారమూ అదే తెల్లచీరలో, అదే చాప మీద, అందరి మధ్య అలాగే కూర్చున్నాను. ఎవరు ముత్తైదువ, ఎవరు కాదు అని మా చాప మీద తెలియదు. పెళ్ళిళ్ళలో ప్రార్థన చేయమని నన్నే ముందు పిలుస్తారు.

మా పెద్దలు నగలు వద్దన్నప్పుడు ఇంత ఆలోచించారో లేదో గానీ, ఫలం మాత్రం నేను తిన్నాను. ఆ పాస్టరు గారి మాట వెనక ఇలాంటి మంచి కూడా ఉండొచ్చు. దాన్ని కఠినత్వం అని ఒక్క మాటలో తీసిపారేయకు. అడుగు, ఎందుకు అని అడుగు.

వాక్యధ్యాని
మంగళవారం, రాత్రి 11:00

అమ్మా, నాలుగేళ్ళ చదువులో ఈ కోణం నాకు ఎవరూ చెప్పలేదు. నా మొదటి జవాబులో ఈ సంఘాల పద్ధతిని వాక్యం తప్పుగా చదవడంగా మాత్రమే చూశాను. వాక్యం నిషేధించలేదన్న నా మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. ఒక సంఘం అంతా కలిసి, చిన్నబుచ్చబడే సోదరి కోసం వదులుకుంటే దాన్ని చట్టం అనకూడదని మాత్రం ఒప్పుకుంటున్నాను. రోమా 14 మళ్ళీ చదవాలి నేను.

కావలి_గోపురం
బుధవారం, ఉదయం 7:40

నిర్గమకాండము 35:22 ఈ ఉదయం కుటుంబ ప్రార్థనలో చదివాం. నా అభిప్రాయం మారలేదు, నగలు లేకుండా ఉండటమే మేలని నమ్ముతాను. అయితే గోదారిగట్టు టీచరు గారు చెప్పిన కట్నం మాట మా పెద్దల కూటంలో పెట్టబోతున్నాను. యెషయా 3లో 14, 15 వచనాలు వదిలేసి 16 చదివానన్నది నిజమే.

తెనాలి_చెల్లి
శుక్రవారం, రాత్రి 9:50

అందరికీ చాలా వందనాలు. ఒక్కొక్కరి మాటా నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

బుధవారం అమ్మమ్మకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ దిద్దులు చేయించుకున్నది ఎందుకో తెలుసా?" అంది. గ్రేడింగులో మేస్త్రీ ఆడవాళ్ళను పేరుపెట్టి పిలిచేవాడు కాదట, ఒసేయ్ అనేవాడట. దిద్దులు పెట్టుకుని వెళ్ళిన రోజు మొదటిసారి పేరడిగాడట. "పేరు కోసం పెట్టుకున్నానే. నీళ్ళలో నీకు పేరు పెట్టేది దేవుడు కదా, అప్పుడు ఇవి లేకపోయినా ఏం కాదు. కానీ నువ్వే తియ్యి, ఇంకొకళ్ళు తీస్తే నేను ఊరుకోను" అంది. పల్లె_దీపం గారి పోస్టు ఆమెకు నేను చదివి వినిపించలేదు, ఒట్టు.

నిన్న నేను, అబ్బాయి కలిసి పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాం. ఎందుకు అని అడిగాను. కృపలో_అమ్మ గారు రాసినట్టే, సంఘంలో ఇద్దరు చిన్న వయసు విధవరాళ్ళ సంగతి చెప్పారు. ఆ మాట విన్నాక నా మనసు మెత్తబడింది. కట్నం గురించి కూడా అడిగాను. ఆయన జవాబు చెప్పేలోపే అబ్బాయి, "మా ఇంట్లో ఆ లెక్క ఉండదు, నేను ముందే చెప్పాను" అన్నాడు. వాళ్ళమ్మ గారితో కూడా నా ముందే మాట్లాడతానన్నాడు, ఈ ఆదివారం.

దిద్దులు నీళ్ళలోకి దిగేముందు నేనే తీస్తాను. మళ్ళీ ఎప్పటికీ పెట్టుకోను అని మాత్రం మాట ఇవ్వలేనని చెప్పాను. అది నేనూ అబ్బాయీ ప్రార్థన చేసుకుని తేల్చుకుంటామన్నాం. పాస్టరు గారు వెంటనే ఒప్పుకోలేదు, కాదనీ అనలేదు, ఆలోచిస్తానన్నారు. ఆయన ఏం చెప్పినా ఇక్కడ రాస్తాను.

బాప్తిస్మం రోజున అమ్మమ్మ కూడా వస్తానంది. కృష్ణ కాలవ గట్టు మీద కూర్చుని, దిద్దులు తన కొంగున కట్టుకుని ఉంటుందట. కొంగు ముడి గట్టిగా వేయాలి, మర్చిపోకుండా గుర్తుచెయ్యమని ఇప్పటికే రెండుసార్లు చెప్పింది.